ముందు పెద్దమామ, వెనుక చిన్నమామ

డిగ్రీ పూర్తయి ఉద్యోగం ఇంకా రాని ఆడపిల్ల ఇంట్లో ఉందంటే, ఆ రోజుల్లో ఆమె చుట్టాలందరికీ ఉమ్మడి ఆస్తి. ఎవరికి దవాఖానలో తోడు కావాలన్నా, ఎవరి ఫోన్ సతాయించినా సూర్యాపేటలోని మా ఇంటికే కబురు వచ్చేది. ఆ వేసవిలో మాత్రం మాడుగులపల్లి నుంచి మా అమ్మమ్మ ఏకంగా ట్రాక్టర్ నడపడానికి పిలిచింది. నాకు వచ్చిందల్లా నాన్న పాత కారు నడపడం (అదీ వెనక్కి తీయడం రాదు). అసలు సంగతేమిటంటే, బత్తాయి తోటలో గట్టు దగ్గర మాటామాటా పెరిగి మా మేనమామలిద్దరికీ చాలాకాలంగా మాటల్లేవు. పెద్దమామ కొడుకు నడిపితే చిన్నమామ ఒప్పుకోడు, చిన్నమామ కొడుకు నడిపితే పెద్దమామ ఒప్పుకోడు. తోబుట్టువు కూతురిని కాబట్టి నేను ఎవరి పక్షమూ కానట!

ఆ చిన్న ట్రాక్టర్‌ను ఇద్దరి చేతా కలిపి కొనిపించింది అమ్మమ్మే. దాని వంకతోనైనా కొడుకులు ఒకచోట నిలబడతారని ఆమె ఆశ. ఇదీ కుదరకపోతే ట్రాక్టర్ అమ్మేసి, తోట నడుమ కంచె వేసి, ఎవరిది వాళ్లు చూసుకుంటామని ఇద్దరూ అప్పటికే (వేర్వేరుగా) తేల్చి చెప్పేశారు. ట్రాక్టర్ ఉమ్మడిదే గానీ, మట్టిని నెట్టి చదును చేసే బ్లేడ్‌ను పెద్దమామ తన సొంతానికి కొని ముందు తగిలించాడు. అది తెలిసిన చిన్నమామ మిర్యాలగూడకు పోయి, నేలను గుల్ల చేసే రోటవేటర్‌ను తెచ్చి వెనుక తగిలించాడు. ఇక రెంటిలో ఏదీ విప్పడానికి వీల్లేదు. విప్పినవాడు ట్రాక్టర్‌ను అవతలివాడికి వదులుకున్నట్టేనట. "దున్నినాక గద మామా చదును చేసేది? మీ లెక్కన బండిని రివర్సుల నడపాలె" అన్నాను ఎగతాళిగా. ఇద్దరూ ఆ మాటను నిజంగానే ఆలోచించారు. నేను అప్పుడే సూర్యాపేట బస్సు ఎక్కి ఉండాల్సింది.

మర్నాడు పొద్దున్నే పని మొదలైంది. బ్లేడ్‌కు ముందు పెద్దమామ వెనక్కి అడుగులేస్తూ, రోటవేటర్ వెనుక చిన్నమామ నడుం మీద చేతులు పెట్టుకుని, నడుమ సీట్లో నేను. "బిడ్డా, బ్లేడ్ జర కిందికి దించు!" అని ముందు నుంచి. "బిడ్డా, రోటవేటర్ మీదికి లేపు, రాళ్లున్నయ్!" అని వెనుక నుంచి. ఒకటి దించబోతే రెండోది లేచేది, ఏ లివర్ దేనిదో నాకు మధ్యాహ్నం దాకా తెలియలేదు. ఆపైన రాయబారం ఒకటి. "మెల్లగ పొమ్మంటున్నడేంది, మీ చిన్నమామను అడుగు!" "మెల్లగ పోకుంటే చెట్లకు తాకుతదని మీ పెద్దమామకు చెప్పు!" ఒకరి మాట ఒకరికి స్పష్టంగా వినిపిస్తూనే ఉంది. అయినా నేను ఇంజన్ మోతలో గొంతు చించుకుని ప్రతి మాటా చేరవేయాల్సిందే, లేకపోతే అవతలివాళ్లు విననట్టే నిలబడేవారు. ఇక వరస చివర మలుపు తిప్పడమంటే, ముందూ వెనుకా అంత పొడుగు బండితో నాకు ఏడుపొక్కటే తక్కువ.

మూడో వరసలో గడ్డి దట్టంగా ఉంది. ఆ గడ్డిలో డ్రిప్పు పైపు ఉంది. దాన్ని పక్కకు జరపడం అవతలివాడి పనని ఇద్దరూ అనుకున్నారు, అడుగుదామంటే మాటల్లేవాయె. బ్లేడ్ ఆ పైపును గడ్డితో సహా పోగేసి లాగింది, లాగిన పైపు ట్రాక్టర్ కిందుగా వెనక్కి పోయింది, రోటవేటర్ దాన్ని తన కడ్డీకి చుట్టుకుంటూ ముక్కలు ముక్కలుగా నరికింది. "ఆపు!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు. నేను ఆపేసరికి వరస వరసంతా పైపన్నది మిగల్లేదు.

"నా బ్లేడ్ లేపింది గంతే, కొయ్యలే. చెప్పు మీ చిన్నమామకు." "నా రోటవేటర్ దానిమానాన అది తిరుగుతది. పైపును దానికాడికి తెచ్చిందెవరో అడుగు మీ పెద్దమామను." సద్ది తెచ్చిన అమ్మమ్మ గట్టు మీదే కూలబడింది. "ఇగ కంచె ఏసుకోండ్రి, నా పీడ పోతది" అంది. ఇంజన్ కట్టేసి ఉంది. ఎవరూ పిలవకుండానే ఇద్దరూ చెరో కత్తి తీసుకుని రోటవేటర్ కిందికి చెరోవైపు నుంచి దూరారు. ఒకరు తిప్పితే తప్ప ఇంకొకరు కోయలేని చిక్కు అది. కాసేపు మూలుగులే వినిపించాయి. తర్వాత, "ఇటు గాదురా, అటు తిప్పు." "తిప్పుతున్న గని, అన్నా, జర సెయ్యి తియ్యి, కోసుకుంటది!"

అన్నా అన్నాడు! నేను నోరు తెరిచాను. అమ్మమ్మ కళ్లతోనే వద్దంది.

ఒళ్లంతా మట్టితో బయటికి వచ్చాక ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని సిగ్గుపడ్డారు. ఆ సిగ్గు ఎక్కడ దాచుకోవాలో తెలియక ఇద్దరూ నావైపు తిరిగారు. "నడిపేటోళ్లకు కండ్లుండాలె గదన్నా." "నేననేది గదే. గీ పోరికి నడుపుడే రాదు." ఒళ్లు మండిపోయి, పైపు సంగతి గట్టిగా ఎత్తబోయాను. అమ్మమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. "ఊకో బిడ్డా. నీదే తప్పంటే నీకేం పోతది? సూడు, ఎట్ల మాట్లాడుకుంటున్నరో." ఆ రోజు అవమానంతో నేను సద్ది కూడా ముట్టలేదు.

కంచె పడలేదు. నాకు ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు రోజూ సూర్యాపేట నుంచి కోదాడకు నా కారులో నేనే పోయివస్తాను, ఇంతవరకు దానికి గీత పడలేదు. అయినా మొన్న ఒక పెళ్లిలో మామలిద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని మా ఆయనకు ఆ కథ వినిపించారు. ఒకరు మొదలుపెట్టడం, ఇంకొకరు అందుకోవడం. చివర్లో, "గీమె బండి నడిపితే నువ్వు జర పైలం అల్లుడా" అని ఒకే గొంతుతో అన్నారు. నా దగ్గర జవాబు ఇన్నేళ్లుగా సిద్ధంగా ఉంది. చెయ్యి నొక్కడానికి అమ్మమ్మ ఇప్పుడు లేదు. అయినా ఊరుకున్నాను.

(పైపు జరపడం మాత్రం నా పని కాదు. ఇది మీకు చెప్తున్నాను, వాళ్లకు చెప్పకండి.)