మా చిన్నతాత లేడన్నాను

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక్క రకం అబద్ధానికి మాత్రం బెల్లం ముక్క దొరికేది. మిగతా అబద్ధాలకు వీపు పగిలేది. ఖాకీ బట్టల మనిషి ఎవరు వచ్చి ఎవరి పేరు అడిగినా సరే, అలాంటి మనిషి ఈ ఊళ్లో లేడని చెప్పాలి. మాది యర్రగొండపాలెం అవతల, నల్లమల అంచున పాతికిళ్ల పల్లె. గొర్రెలూ మేకలే మా బతుకు. వానలు వెనకబడిన ఏడాది జీవాలను అడవిలోకి తోలక తప్పదు, తోలితే ఫారెస్టు గార్డు కేసు రాయకా తప్పదు. పేరు తెలిస్తేనే కదా కేసు! అందుకని పిల్లలకు మాటలు వస్తూనే ఈ పాఠం నేర్పేవారు. మా అవ్వ నన్ను అరుగు మీద నిలబెట్టి, తానే గార్డులా గొంతు మార్చి అడిగేది. తడబడకుండా జవాబు చెబితే బెల్లం పెట్టేది. ఈ విద్యలో పల్లె మొత్తం మీద నన్ను మించినవాళ్లు లేరు. ఆ సంగతి నేనే అందరికీ చెప్పుకుని తిరిగేదాన్ని.

మా ఇంట్లో చిన్నతాత ఉండేవాడు. మా తాతకు ఆఖరి తమ్ముడు. మా నాయన కంటే నాలుగైదేళ్లే పెద్ద, వరసకు మాత్రం నాకు తాత. పెళ్లి చేసుకోలేదు. పెద్ద యుద్ధంలో బర్మా దాకా పోయి వచ్చినవాడు. ఫిరంగుల మోతకు ఒక చెవి పూర్తిగా, రెండోది సగం పోయాయి. మాట్లాడేది తక్కువ. అన్నం తినేటప్పుడు కూడా గోడకు వీపు ఆనించి, గుమ్మం కనబడేటట్టు కూర్చునేవాడు. నేను బడికి పోతున్నానని మాత్రం ఆయనకు మహా గొప్ప.

ఆయనతోపాటు మా చుట్టుపక్కల నుంచి యుద్ధానికి పోయినవాళ్లు మరి ముగ్గురు. ఇద్దరు తిరిగొచ్చారు, ఒకడు రాలేదు. రానివాడిది మా పక్క పల్లె, చిన్నతాతకు ప్రాణస్నేహితుడు. వచ్చిన ఇద్దరికీ సర్కారు మెడల్సు ఇచ్చింది. మేము వాటిని బిళ్లలు అనేవాళ్లం. జెండా పండుగ నాడు ఆ ఇద్దరూ వాటిని చొక్కాలకు తగిలించుకుని బడి దగ్గర నిలబడేవారు. చిన్నతాతకు ఒక్క బిళ్ల కూడా రాలేదు. ఆయన రికార్డులో ఒక రోజు పక్కన, ఉండాల్సిన చోట లేడు, చెప్పకుండా పోయాడు అని రాసి ఉంది. అది ఆ స్నేహితుడు దెబ్బ తిన్న రోజు. తూటాలు మొదలుకాగానే స్నేహితుణ్ణి వదిలేసి పారిపోయాడని అందరూ అనుకున్నారు.

అందరూ అనుకుంటే ఆయన పట్టించుకునేవాడు కాదేమో. ఆ చనిపోయినవాడి తల్లి కూడా అదే అనుకుంది. దుమ్మెత్తి పోయడం అని మనం ఊరికే అంటుంటాం. ఆమె ఒకసారి సంతలో నిజంగానే వంగి, గుప్పెడు దుమ్ము తీసి ఆయన నెత్తిన పోసింది. నేను పక్కనే ఉన్నాను. చిన్నతాత దాన్ని దులుపుకోలేదు, అలాగే నిలబడి చింతపండు బేరం చేశాడు. జరిగింది చెప్పాలని ఆయన ఎన్నోసార్లు ఆమె గడపకు పోయాడట. ఆమెది ఎప్పుడూ ఒకటే మాట. "వాళ్లిద్దరికీ ఇచ్చిన బిళ్లలు నీకెందుకియ్యలేదు? కాగితం తెచ్చి చూపించు, అప్పుడు నమ్ముతా." అందుకే ఆయన అర్జీల మీద అర్జీలు పెట్టేవాడు. ఆ రాత కొట్టివేయించాలి, బిళ్లలు తెప్పించుకోవాలి, ఆ తల్లి కళ్లు మూసేలోపల వాటిని ఆమె చేతిలో పెట్టాలి. ఆయనకు ఇంకో కోరిక ఉన్నట్టు నేనెరగను.

అర్జీలు రాసేది మార్కాపురంలో ఒక సాయిబు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. అక్కడ ఆఫీసులు డేరాల్లో నడుస్తున్నాయని చిన్నతాత వచ్చి చెబితే మేము నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం. జిల్లాకు ఒకటి, మిలిటరీ రికార్డు ఆఫీసుకు ఒకటి, ఇలా ఏళ్ల తరబడి రాయగా రాయగా చివరికి ఎక్కడో ఎవరో కదిలారు. నేను మూడో తరగతిలో ఉన్న ఏడు, విచారణకు మనిషి వస్తాడని చిన్నతాతకు కబురు అందింది. ఆయన ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ పాత మాట మళ్లీ నలుగురి నోళ్లలో నలుగుతుందని ఆయన సిగ్గు.

జొన్న కోతల కాలం. మధ్యాహ్నం పల్లెలో ముసలివాళ్లూ పిల్లలమూ తప్ప ఎవరూ లేరు. మా ఇల్లు ఊరి మొదట్లోనే ఉండేది. ఆ మనిషి బస్సు దిగి ఎండలో నడిచి వచ్చాడు. ఖాకీ చొక్కా, ఖాకీ నిక్కరు, చంకలో తోలు సంచి. నన్ను మంచినీళ్లు అడిగి తాగాడు. తర్వాత కాగితం తీసి మా చిన్నతాత పేరు, ఆయన తండ్రి పేరు, ఇంటిపేరుతో సహా చదివాడు.

నేను కళ్లార్పకుండా లేడన్నాను. ఎప్పుడూ లేడన్నాను.

మంచి మనిషే కాబోలు, వెంటనే పోలేదు. "బాగా గుర్తు చేసుకో పాపా, మిలిట్రీకి పోయొచ్చినాయన" అన్నాడు. మా ఊళ్లోనుంచి మిలిట్రీకి ఎవరూ పోలేదని కూడా చెప్పాను. ఆ సమయంలో చిన్నతాత ఇంటి వెనక దొడ్లో కుంటి గొర్రె గిట్టకు వేపనూనె రాస్తున్నాడు. ఆయన దగ్గు నాకు వినబడుతూనే ఉంది. మా మాటలు మాత్రం ఆ సగం చెవికి అందలేదు. ఖాకీ మనిషి పక్కింటి అరుగు మీద కూర్చున్న ముసలామెను కూడా అడిగాడు. ఆమె నా వైపు చూసి, ఆ ఖాకీ చొక్కా వైపు చూసి, తెలియదని తల అడ్డంగా ఊపింది. ఆయన పుస్తకంలో ఏదో రాసుకుని వచ్చిన దారినే పోయాడు. సాయంత్రం నేను అవ్వకు ఖాకీ మనిషిని పంపించేశానని చెప్పి బెల్లం తీసుకున్నాను. ఎవరి పేరు అడిగాడని అవ్వ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ బెల్లం తియ్యగానే ఉంది, అబద్ధమెందుకు.

రెండు నెలలకు ఇంగ్లీషులో జాబు వచ్చింది. చిన్నతాత ఉతికిన పంచె కట్టుకుని మార్కాపురం బయలుదేరాడు. కొత్త పలక కొనిస్తానని నన్ను కూడా బస్సెక్కించాడు. దారి పొడుగునా జేబు తడుముకుంటూనే ఉన్నాడు. అంత సంతోషంగా ఆయనను నేను అంతకుముందు చూడలేదు.

సాయిబు కళ్లద్దాలు పెట్టుకుని జాబు రెండుసార్లు చదివాడు.

"ఏంది సాయిబూ, ఏం రాసినారు?"

"నువ్వు లేవంట అన్నా. విచారణకు మనిషి మీ ఊరికొచ్చి పోయినాడంట. ఆ పేరుగలాయన ఎప్పుడూ లేడని ఊళ్లోనే చెప్పినారంట. ఫైలు మూసేసినారు. ఆ మాట చెప్పిండేది ఎవరు అన్నా?"

నేను నిలబడ్డ చోటే పావడా తడుపుకున్నాను. చిన్నతాత నా వైపు చూశాడు, అంతా ఆయనకు తెలిసిపోయింది. కొడతాడని కళ్లు మూసుకున్నాను. ఆయన భుజం మీది కండువా తీసి నా నడుముకు చుట్టాడు. ఆ రోజు నాలుగు తగిలించి ఉంటే బాగుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

సాయిబుకు కూడా సంగతి అర్థమైంది. నన్ను ఒక్క మాట అనకుండా కొత్త కాగితం తీశాడు. దీనికి దారి ఉందన్నాడు. తెలియని పిల్ల భయపడి అబద్ధం చెప్పిందని, పిల్ల పేరు, తండ్రి పేరు రాసి కరణం చేత సంతకం పెట్టిస్తే చాలు, నెలలోపల మళ్లీ విచారణ వేస్తారట. కలం సిరాలో ముంచి, నా పేరేమిటని అడిగాడు.

చిన్నతాత వద్దన్నాడు.

"చిన్నపిల్ల అన్నా, దానికేం శిక్ష పడదు."

"శిక్ష సంగతి గాదు సాయిబూ. నా పేరు పక్కన ఒక మాట రాసినారు. ఇన్నేండ్లాయె, చెరిపేవాడు లేడు. దీని పేరు పక్కన ఇట్ల రాస్తే రేపు ఎవరు చెరుపుతారు? ఇది ఇంకా చదువుకోవాల. నేనే ఊళ్లో లేనని రాయి. గొర్రెలను తోలుకొని కొండకు పోయినానని రాయి."

"అట్ల రాస్తే మళ్లీ మొదటికొస్తది. ఈ మనిషి ఎప్పుడూ ఉండాల్సిన చోట ఉండడంటారు. కొత్తగా అర్జీ పెట్టుకోమంటారు. ఏడాది పడుతుందో, రెండేండ్లు పడుతుందో. ఆ తల్లికి అంత టైముందా అన్నా?"

బయట జట్కాలు పోతున్నాయి, సాయిబు కలం మొనన సిరా ఆరిపోయింది. చివరికి చిన్నతాత, "నేను చెప్పినట్టే రాయి సాయిబూ" అన్నాడు. సాయిబు రాశాడు. చిన్నతాత వేలిముద్ర వేయలేదు, సైన్యంలో నేర్చుకున్న సంతకం పెట్టాడు. తర్వాత బజారుకు తీసుకుపోయి, చెప్పినట్టుగానే నాకు పలక కొనిచ్చాడు.

బస్సు దిగి పల్లెకు నడుస్తుంటే, బర్మాలో జరిగింది నాకు చెప్పాడు. స్నేహితుడి కడుపులో తూటా దిగింది. మోసేవాళ్లు ఎవరూ మిగల్లేదు. చిన్నతాత ఎవరి అనుమతీ అడగకుండా అతణ్ణి వీపున వేసుకుని రెండు రోజులు వానలో నడిచి ఆసుపత్రి డేరా చేర్చాడు. మూడో రోజు అతను పోయాడు. తానే గొయ్యి తీసి పూడ్చి తిరిగొచ్చేసరికి పటాలం ముందుకు సాగిపోయింది. ఆ మధ్యలో తీసిన హాజరులో ఈయన పేరు పిలిస్తే పలికినవాడు లేడు. ఆసుపత్రి కాగితం సంపాదించి పంపడానికే ఇన్నేళ్లు పట్టిందట. అదంతా చెప్పి, "తప్పు నీది గాదమ్మా, నేను ముందే ఇంట్లో చెప్పుకోవాల్సింది" అన్నాడు. ఇంట్లో అవ్వ ఎంత గుచ్చిగుచ్చి అడిగినా నా ఊసు ఎత్తలేదు.

సాయిబు అన్నట్టే అయింది. అర్జీ మళ్లీ మొదటి నుంచి మొదలైంది. రాజధాని హైదరాబాదుకు పోయింది, మా జాబులకు జవాబులు ఇంకా ఆలస్యమయ్యాయి. మరుసటి ఏడు ఎండాకాలంలో ఆ తల్లికి జబ్బు చేసిందని తెలిసి చిన్నతాత చూడబోయాడు. నేనూ వెంట పడ్డాను. ఎందుకు వెళ్లానో నాకు తెలుసు. జరిగింది నా నోటితో చెప్పేద్దామని దారంతా మాటలు కూడబలుక్కున్నాను.

ఆమె నులకమంచం మీద ఎముకల పోగులా ఉంది. చిన్నతాతను చూసి, "కాగితం తెచ్చినావా?" అంది.

"వస్తది పెద్దమ్మా."

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. ఆయన మంచం పక్కన నేల మీద కూర్చుని చాలాసేపు విసనకర్రతో విసిరాడు. ఆమె వద్దనలేదు, ఇటు తిరగనూ లేదు. నేను గడపలోనే నిలబడ్డాను. ఖాకీ మనిషి ముందు గడగడా పలికిన నోరు అక్కడ పెగలలేదు. వారం తిరక్కుండానే ఆమె పోయింది. పాడె మొయ్యడానికి చిన్నతాత ముందుకు వస్తే ఆమె తమ్ముడు చేయి అడ్డం పెట్టాడు. చిన్నతాత అందరి వెనకా నడిచాడు.

ఆ వానల్లో కాగితం వచ్చింది. ఆ రాత కొట్టివేశారట, అతను గాయపడినవాణ్ణి మోసుకుపోయినట్టు రుజువైందట. తర్వాత కొన్నాళ్లకు చిన్న పార్సిల్లో బిళ్లలూ వచ్చాయి. చిన్నతాత వాటిని ఒకసారి అరచేతిలో పెట్టుకుని చూసి పెట్టెలో వేశాడు. జెండా పండుగకు పెట్టుకోమని మా నాయన బతిమాలాడు. "చూడాల్సిన మనిషి లేదు గదా" అన్నాడంతే. ఆ తర్వాత ఇరవై ఏళ్లు బతికాడు. ఒక్కనాడు, కోపంలో కూడా, ఆ ఖాకీ మనిషి మాట నా దగ్గర ఎత్తలేదు.

నేను చదువుకుని పంతులమ్మనయ్యాను. ముప్ఫై ఏళ్ల పైచిలుకు పిల్లల పేర్ల పక్కన రాతలు రాసే ఉద్యోగం నాది. దొంగతనం చేసినవాళ్లు, అబద్ధమాడినవాళ్లు, బెంచీలు విరగ్గొట్టినవాళ్లు ఎందరో వచ్చారు. పిలిచి చివాట్లు పెట్టాను, చెవులు మెలేశాను, కాగితం మీద మాత్రం ఏ పిల్ల తప్పూ ఎక్కనివ్వలేదు. నన్ను మెతకమనిషి అన్నారు. అననీ. ఆ రోజు సాయిబు కలం నా పేరు దగ్గర ఆగి ఉండకపోతే నేను ఏమయ్యేదాన్నో చెప్పలేను. కానీ ఆ దయ ఖరీదు ఆయన ఒక్కడే చెల్లించలేదు. ఆ తల్లి, తన కొడుకు ఎలా పోయాడో తెలియకుండానే, అతణ్ణి చివరిదాకా మోసినవాణ్ణి తిట్టుకుంటూనే పోయింది.

చిన్నతాత ఏ కాగితం మీదా నా పేరు రాయనివ్వలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది, ఇప్పుడు నా చెయ్యి పట్టుకుని ఆపేవాళ్లు లేరు. అందుకే రాస్తున్నాను. ఆ జొన్న కోతల నాటి మధ్యాహ్నం లేడని చెప్పింది నేను. ఆయన ఉన్నాడు. ఆ రోజు ఇంటి వెనకే ఉన్నాడు, యుద్ధంలోనూ ఉండాల్సిన చోటే ఉన్నాడు.