ఆరు నిమిషాల నడక, వెయ్యేళ్ల ఊరు

2021 జూన్‌లో నన్ను మా ఆసుపత్రిలో కొత్తగా పెట్టిన కోవిడ్ అనంతర క్లినిక్‌కు వేశారు. డబ్లిన్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రి అది. ఊపిరితిత్తుల విభాగంలో నా హోదా రిజిస్ట్రార్. మనవైపు ఆ మాట వింటే ఇళ్ల దస్తావేజుల ఆఫీసు గుర్తొస్తుంది గానీ, ఐర్లాండులో కన్సల్టెంటు అనే పెద్ద డాక్టరు కింద పనిచేసే డాక్టరు అని అర్థం. రోగిని చూసేదీ, పరీక్ష చేసేదీ, ఉత్తరం రాసేదీ రిజిస్ట్రారు. కింద సంతకం పెట్టేది కన్సల్టెంటు. మా కన్సల్టెంటు పేరు ఫిడెల్మా. ఇక్కడ ఎంత పెద్దవాళ్లనైనా పేరుపెట్టే పిలుస్తారు. కాకినాడలో చదువుకున్న నాకు పద్దెనిమిదేళ్లయినా ఆ అలవాటు అబ్బలేదు. నేను రిటైరయ్యేదాకా ఆవిడను మేడమ్ అనే పిలిచాను.

కోవిడ్‌తో ఆసుపత్రిలో పడి లేచినవాళ్లు మళ్లీ ఉద్యోగానికి వెళ్లగలరా లేదా తేల్చడం మా పని. దానికి ముఖ్యమైన ఆధారం ఆరు నిమిషాల నడక పరీక్ష. ముప్పై మీటర్ల కారిడార్‌కు రెండు చివర్లా రెండు కోన్లు పెడతాం. వేలికి ఆక్సీమీటరు తగిలించి, ఆ మనిషి ఆరు నిమిషాల్లో ఎంత దూరం తిరిగాడో కొలుస్తాం. రక్తంలో ఆక్సిజన్ 88 శాతం కిందికి దిగితే ఆపించాలని మా విభాగం నియమం. పరీక్షకు ముందు తేలిగ్గా మాత్రమే తినాలని ఒక సూచనల కాగితం కూడా ఇస్తాం. ఆ కాగితం తయారుచేసింది నేనే. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, తర్వాత తప్పించుకోవడానికి వీల్లేకుండా.

ఫ్రాంక్ అనే అరవై ఆరేళ్ల ఆయన మా దగ్గరికి జూన్ చివర్లో వచ్చాడు. ముప్పై ఏళ్లుగా డబ్లిన్ వీధుల్లో పర్యాటకులను కాలినడకన తిప్పి చరిత్ర చెప్పే గైడు. ఆ చలికాలంలో మూడు వారాలు ఆక్సిజన్ మీద ఉన్నాడు. ఆరుబయట చిన్న గుంపులతో టూర్లు మళ్లీ మొదలవుతున్నాయి. ఆగస్టులోగా ఆరోగ్య ధ్రువీకరణ తెస్తేనే పనిలోకి తీసుకుంటామని, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తామని ఆయన సంస్థ రాసింది. భార్య పోయింది, పిల్లలు లేరు. ఇంట్లో కూర్చుంటే గోడలకు చరిత్ర చెప్పుకోవాలి అన్నాడు.

కారిడార్‌లో మూడున్నర నిమిషాలకే మీటరు 86 చూపించింది. ఆపమన్నాను. ఎలా ఉందని అడిగితే "గ్రాండ్" అన్నాడు, అంటే బ్రహ్మాండంగా ఉందని. ఈ దేశంలో కాలు విరిగినవాడు కూడా అదే అంటాడు కాబట్టి నేను పట్టించుకోలేదు.

ఆయనకు మాత్రం కోపం వచ్చింది. "ఇదేం నడక డాక్! నీ కారిడార్‌లో చూడ్డానికేముంది, మంటలార్పే సిలిండర్ తప్ప? నేను నడుస్తాను, ఆగుతాను, చెబుతాను, మళ్లీ నడుస్తాను. నా పని చూసి చెప్పు నేను పనికొస్తానో రానో" అన్నాడు. మాట న్యాయంగానే ఉంది. అయినా నేను ఊరుకోకుండా, పద్దెనిమిదేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నాను గానీ ఒక్క చారిత్రక స్థలం చూడలేదని నోరు జారాను. ఆయన నన్ను రోగిని చూసినట్టు చూశాడు. ఆసుపత్రి, బ్లాంచర్డ్‌స్‌టౌన్‌లో మా ఇల్లు, పచ్చిమిరపకాయలు దొరికే కొట్టు, విమానాశ్రయం. నా డబ్లిన్ అంతే.

మేడమ్‌కు విషయం చెప్పాను. ఆవిడ నవ్వి, ఒక్క అవకాశం ఇద్దామంది. ఆయన మామూలు టూర్ చెయ్యాలి, నేను వెంట ఉండి ప్రతి మజిలీలో రీడింగు రాయాలి, 88 కిందికి దిగితే ఉత్తరంలో "కాదు" అని రాయాలి. దిగకపోతే సంతకం పెడతాను అంది.

గైడుకు వినేవాళ్లు కావాలి కదా. మా ఆవిడ సుగుణ ఆ బాధ్యత నెత్తినేసుకుంది. తనతోపాటు మా పక్కింటి శ్రీనునూ లావణ్యనూ పోగుచేసింది. ఇద్దరూ శాండీఫోర్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు పేరుకే గానీ, ఏడాదిన్నరగా పడగ్గదిలోంచే పనిచేస్తున్నారు. ఊళ్లోకి వెళ్లడమంటే పెళ్లికి తయారైనట్టు తయారయ్యారు.

జూలైలో ఒక శనివారం పొద్దున పదింటికి లిఫీ నది ఒడ్డున, వుడ్ కీ అనే చోట కలిశాం. వెయ్యేళ్ల కిందట నార్వే వైపు నుంచి ఓడల్లో వచ్చిన వైకింగులు ఊరు కట్టుకున్నది అక్కడే. ఫ్రాంక్ టూర్ మొదలయ్యేదీ అక్కడే. పడవ ఆకారంలో ఒక బెంచీ ఉంది. దాని మీద సుగుణ సంచీ విప్పింది. ఎవరి డబ్బా వారికి విడిగా సర్ది, మూతల మీద పేర్లు కూడా అంటించింది. పులిహోర, గారెలు, పెరుగన్నం. పెద్దాయన ఖాళీ కడుపుతో ఊరంతా తిరుగుతాడా అని ఆవిడ బెంగ. ఫ్రాంక్ తింటున్నంతసేపూ ఆయన సొంతూరు, నాన్నగారు చేసిన పని, తాతగారు వచ్చిన చోటు వరసగా కూపీ లాగింది. నాన్న రేవులో కూలీ అట, తాత పడవ నడిపేవాడట. ఆయన ఉత్సాహంగా చెబుతూ మూడు గారెలు తిన్నాడు. నాలుగోది వేసుకోమన్నది ఎవరో కాదు, నేనే.

వుడ్ కీ నుంచి క్రైస్ట్‌చర్చ్ కెథెడ్రల్‌కు వైన్‌టావర్న్ వీధి మీదుగా ఎక్కాలి. కుర్రకాళ్లకు అది ఎత్తే కాదు. ఫ్రాంక్ మా వైపు తిరిగి వెనక్కి నడుస్తూ చెప్పసాగాడు. మేం రెండు మీటర్ల దూరం పాటిస్తున్నాం కాబట్టి గొంతు పెంచాల్సి వచ్చింది. నది దగ్గర 94. పాతిక అడుగులకు 90. అక్కడ ఆగి, ఒకప్పటి సారా కొట్ల గురించి పెద్ద కథ ఎత్తుకున్నాడు. కథ అయ్యేసరికి మీటరు 93. ఇంకో పాతిక అడుగులు, ఇంకో కథ. అప్పుడు నాకర్థమైంది. ముప్పై ఏళ్ల పనితనంతో ఆయన కథల మాటున ఊపిరి తీసుకుంటున్నాడు.

వీధి పైభాగంలో చెప్పడానికి కథ లేదు. 89, 87, 85. కెథెడ్రల్ ఎదుట చిన్న గోడ మీద కూలబడి నోరు తెరిచాడు, మాట రాలేదు. సైగ చేశాడు, "కాదు" అని రాసెయ్ అన్నట్టు. గైడు మాట్లాడలేకపోవడం కళ్లారా చూశాక ఆ మాట రాయలేకపోయాను.

నేను వెనకవైపు రీడింగులు రాసుకుంటున్న సూచనల కాగితాన్ని సుగుణ లాక్కుంది. "ఏవండీ, పరీక్షకు ముందు తేలిగ్గా తినాలని ఇందులో రాసిందెవరండీ?"

వేలితో నన్నే చూపించుకున్నాను.

"రాసిందీ మీరే, నాలుగో గారె తినమన్నదీ మీరేనా! నాకంటే తెలియదు, మీకేమైందండీ? పొట్ట గొంతుదాకా నింపేసి కొండెక్కమంటే ఆయనెక్కడెక్కుతాడు?"

పప్పులో కాలేశాను. కడుపు నిండితే ఊపిరితిత్తులు కిందికి సాగడానికి చోటు తగ్గుతుందని రోగులకు బొమ్మ గీసి చెప్పేవాణ్ణి నేను. ఇంటివాళ్లు పెడుతుంటే అతిథిని వద్దనడం మాత్రం నా చదువులో లేదు. నియమం ప్రకారం ఆ పరీక్ష చెల్లదని రాసుకున్నాను. అయినా తప్పంతా గారెలదే కాదు, ఎత్తుదీ ఉందని నాకు తెలుసు. మళ్లీ ఇలాగే ఎక్కిస్తే మీటరు 88 పైన నిలవడం అనుమానమే.

"అయితే ఎక్కడమెందుకండీ? పైనుంచి దిగమనండి" అంది సుగుణ.

ఫ్రాంక్‌కు ఊపిరి అందింది గానీ ఆ మాట మింగుడుపడలేదు. చరిత్ర వైకింగులతోనే మొదలవుతుంది, వాళ్లు నది దగ్గరే దిగారు, కొడుకు పుట్టాక తండ్రి పుడతాడా అని వాదించాడు. సుగుణ తన ఇంగ్లీషులోనే జవాబిచ్చింది. మావైపు కొత్తవాళ్లు కనిపిస్తే ఎవరబ్బాయివి, మీ తాతగారెవరు అనే అడుగుతామండీ, ఎప్పుడూ వెనక్కే వెళ్తాం. ఇందాక మీరూ అలాగే చెప్పారు కదా, ముందు మీరు, తర్వాత రేవులో నాన్నగారు, ఆ తర్వాత పడవలో తాతగారు. ఆగకుండా చెప్పారు, మేం కదలకుండా విన్నాం. ఊరి కథ కూడా అలాగే వెనక్కి చెప్పండి.

ఫ్రాంక్ టోపీ సర్దుకుని, వచ్చే శనివారం పోస్టాఫీసు దగ్గరికి రండి అన్నాడు.

రెండోసారి ఆయన తిన్నది రెండు టోస్టు ముక్కలు, టీ. ఈసారి నేనే కాపలా కాశాను. జనరల్ పోస్టాఫీసు స్తంభాల మీద బ్రిటిష్‌వాళ్ల మీద జరిగిన 1916 తిరుగుబాటు నాటి తూటా గుంటలు చూపించి, "ఈ గుంట ఎవరి బిడ్డ?" అని మొదలుపెట్టాడు. జవాబు కోసం నది దాటాం. ఇప్పుడు బ్యాంకుగా ఉన్న పాత పార్లమెంటు దగ్గర, బ్రిటన్‌లో కలవడానికి ఓటేసి తనను తానే రద్దు చేసుకున్న సభ కథ. 92. సిటీ హాల్ వైపు నిదానంగా ఎత్తు. 90. బ్రిటిష్‌వాళ్లు ఏలిన కోట ముందు 89. ఆయన కోట గోడకు ఆనుకుని దాని తాతలెవరో చెప్పడం మొదలుపెట్టాడు, అంకె మళ్లీ 91కి చేరింది. క్రైస్ట్‌చర్చ్ నుంచి ఇక అంతా దిగుడే. వైన్‌టావర్న్ వీధిలో ఆయన వేగానికి మేమే వెనకబడ్డాం. శ్రీను అయితే బూట్ల లేసు కట్టుకునే నెపంతో రెండుసార్లు ఆగాడు.

పడవ బెంచీ దగ్గర ఫ్రాంక్ నిలబడి నది వైపు చెయ్యి చాచి, "వీళ్లందరి తాతలూ ఇదిగో, ఇక్కడ దిగారు" అన్నాడు. మీటరు 92. నేను గట్టిగా చప్పట్లు కొట్టాను. ఉద్యోగంలో ఉండగా రోగి ముందు అలా చేసింది ఆ ఒక్కసారే. ఆయన సుగుణ వైపు తిరిగి, "ఇప్పుడు తినొచ్చా?" అని అడిగాడు.

ఉత్తరంలో షరతులు రాశాను. రోజుకు ఒక్క టూర్, చిన్న గుంపు, ఉత్తరం నుంచి దక్షిణానికి, పైనుంచి నదికి దిగే దారిలో మాత్రమే. ఆరోగ్య ధ్రువీకరణలో ఇలాంటి షరతు తను ఎన్నడూ చూడలేదని మేడమ్ అంది. రెండుసార్లు చదివి సంతకం పెట్టింది. సంస్థ ఒప్పుకుంది. ఆగస్టు మొదటి వారంలో ఫ్రాంక్ పనిలో చేరాడు. ఆ తర్వాత మూడేళ్లు అదే దారిలో చెప్పాడు. సెప్టెంబరులో మేడమే టికెట్ కొనుక్కుని ఆయన వెంట తిరిగొచ్చింది.

నడక పరీక్ష ఒక మనిషి ఎంత దూరం వెళ్లగలడో చెబుతుంది. అతని పని ఏ దారిలో ఉందో, ఆ దారి ఎక్కుతుందో దిగుతుందో మనమే అడిగి తెలుసుకోవాలి. అందుకని మా క్లినిక్ ఫారంలో మూడు ప్రశ్నలు చేర్పించాను. మీ పనిలో ఎత్తు ఎక్కాలా? దారి మార్చవచ్చా? పరీక్షకు ముందు ఏం తిన్నారు? మూడో ప్రశ్న కింద, ఎవరు పెట్టారు అని కూడా నేను రాస్తే, అది మాత్రం మేడమ్ కొట్టేసింది.