ఇంటాయన తలుపు తట్టాడు

మా పిన్నికి కోపమొస్తే గొంతు పెరగదు, కుట్టుమిషను వేగం పెరుగుతుంది. పదేళ్లుగా మెట్ల పక్కనున్న రెండు గదుల వాటాలో అద్దెకుంటూ ఆడవాళ్ల బట్టలు కుడుతోంది. ఆమె అసలు పేరు చాలామందికి తెలియదు, అందరికీ ‘మెట్ల పక్క టైలరమ్మ’. ఆ వాటా పోతే పేరూ పోతుంది, గిరాకీ పోతుంది.

ఇంటాయనకు బజారులో చెప్పుల దుకాణం ఉంది. అదీ అద్దెదే. ఓరోజు మధ్యాహ్నం పిన్నీ నేనూ దారాలు కొనుక్కుని వచ్చేసరికి, ఆయన మారు తాళంచెవితో తలుపు తీసుకుని ముందు గదిలో మంచం పడుతుందో లేదో కొలుస్తున్నాడు. అదీ పిన్ని టేపుతో! నాకు ఒళ్లు మండిపోయింది.

“ఆదివారానికల్లా ఖాళీ చేసెయ్యమ్మా. మా మేనల్లుడు దిగుతాడు” అన్నాడు.

“ముందు నా టేపు అక్కడ పెట్టండి. చెప్పకుండా లోపలికెలా వచ్చారు?”

“నా ఇంట్లోకి నేను రావడానికి ఒకర్ని అడగాలా?”

పిన్ని మిషను సొరుగులోంచి అగ్రిమెంటు తీసింది. మనమంతా చూపించిన చోట సంతకం గీకేసి ఆ కాగితాన్ని అటకెక్కిస్తాం. పిన్ని అలా కాదు. రెండుసార్లు కొలవందే గుడ్డ మీద కత్తెర పెట్టని మనిషి, సంతకానికి ముందు ప్రతి అక్షరం మీదా వేలు పెట్టి చదివింది.

“అయిదో షరతు చూడండి. ఒకరోజు ముందు రాసి తెలపందే యజమాని లోపలికి రాకూడదు. ఏడోది, అద్దె సరిగ్గా కడుతున్నంత కాలం గడువులోగా ఖాళీ చేయించకూడదు. గడువు ఇంకా పద్నాలుగు నెలలుంది.”

“ఇలాంటివన్నీ ఎవడు రాశాడు?”

“మీరే.”

నిజమే. తనకు దుకాణం అద్దెకిచ్చినాయన పోరు పడలేక, తనకు రక్షణగా ఈయన వకీలు చేత రాయించుకున్న అగ్రిమెంటు అది. మళ్లీ వకీలు దగ్గరికి వెళ్లడానికి బద్ధకించి, పేర్లూ చిరునామా గడువూ మాత్రం మార్చి పిన్ని చేతికిచ్చాడు. నాకు నవ్వాగలేదు.

“తాళం మార్చేస్తే ఏం చేస్తావ్?” అన్నాడు, మొహం కందగడ్డ చేసుకుని.

“మార్చి చూడండి. కోర్టు చెప్పకుండా అద్దెకున్నవాళ్లని గెంటెయ్యకూడదని, మీ దుకాణానికి దాని యజమాని తాళం వెయ్యబోయినప్పుడు బజారంతా వినేలా అరిచింది మీరే కదా? అప్పుడు మీకు న్యాయమైంది ఇప్పుడు నాకెందుకు కాదు? నేను కదలను.”

ఆయన టేపు బల్ల మీద పడేసి వెళ్లిపోయాడు. ఆదివారం వచ్చింది, వెళ్లింది. మేనల్లుడు దిగలేదు.

మరుసటి వారం తలుపు కింద చీటీ కనిపించింది. ఆర్నెల్లుగా కారుతున్న కుళాయి చూడటానికి మర్నాడు పదింటికి వస్తాడట.

పదింటికి తలుపు చప్పుడైంది. నేను లేవబోతే పిన్ని కళ్లతోనే ఆపింది.

“ఎవరూ?”

“నేనేనమ్మా. రావచ్చా?”

పిన్ని చీర అంచు చివరిదాకా కుట్టి, దారం తెంపి, అప్పుడు లేచింది.