ఉప్పు సరిపోని రామసుబ్బయ్య

రామసుబ్బయ్య నోటికి ఉప్పు సరిపోయిన వంట కువైట్‌లో ఇంతవరకూ ఎవరూ వండలేదు. బుడేన్ సాహెబ్ హోటల్లో బిర్యానీ పెట్టినా, మంగఫ్ రూముల్లో మనవాళ్ళు రాగిసంకటి పెట్టినా ఒకటే వరస. ఒక్క ముద్ద నోట్లో వేసుకుంటాడు. కళ్ళు మూసుకుంటాడు. శిక్ష వేయబోయే జడ్జిలాగా తల అడ్డంగా ఊపుతాడు.

"ఉప్పు సరిపోల్యా. వండినోళ్ళను పిలువు."

ఒకసారి బేకరీలో కేకు తిని కూడా ఇదే మాట అన్నాడు. లోపల్నుంచి పిండి చేతులతో వచ్చిన మనిషి ఏడవలేక నవ్వాడు.

వండినవాళ్ళు వస్తే ఊరికే పోనివ్వడు. కుర్చీ లాగి కూర్చోబెట్టి ఉప్పు మీద ఉపన్యాసం మొదలుపెడతాడు. అది సముద్రంలో మొదలై, రాయచోటి మామిడికాయ ఊరగాయ మీదుగా, ఆవులు గోడలెందుకు నాకుతాయో అనేదాకా వెళ్తుంది. అక్కడ ఆగుతుందనుకుంటే ఎనుములకు తిరుగుతుంది.

ఫింటాస్‌లో ఒక కేజన్ రెస్టారెంటు ఉంది. కేజన్ అంటే అమెరికాలో లూజియానా అనే చోటి వంట. అక్కడి గంబో అనే పులుసును కువైట్‌లో వండేది పులివెందుల కళావతి, తినేది కువైటీలు, వడ్డించేది ఇంజనీరింగు సగంలో వదిలేసి వచ్చిన ఆంజి. గోడల నిండా ఇక్కడి చిత్రకారులు వేసిన బొమ్మలు. పాత మట్టి ఇళ్ళు, డేగలు, పడవలు.

రామసుబ్బయ్య సబా అల్ సలేంలో ఒక ఇంటి డ్రైవరు. శుక్రవారం సెలవు. మధ్యాహ్నం కాగానే వచ్చి, ఎప్పుడూ ఒకే బొమ్మకు ఎదురుగా కూర్చుంటాడు. అందులో ఒక మనిషి ముత్యాల కోసం సముద్రం అడుగుకు దిగి ఉంటాడు. అతని నడుముకు తాడు. పైన పడవలో ఇంకొకడు ఆ తాడు కొస పట్టుకొని ఉంటాడు.

"సూడ్రా ఆంజీ, ఆ తాడు పట్టుకున్న నా కొడుకు కిందికి సూడకుండా కొంగల్ని సూస్తాండాడు."

"బొమ్మ చిన్నాయనా అది."

"బొమ్మయితే? కిందోనికి ఊపిరాడొద్దా?"

బొమ్మలోవాణ్ణి తిట్టడం అయ్యాక గంబో వచ్చేది.

"బెండకాయ పులుసులో రొయ్యలేసి, దానికి ఇంగ్లీషు పేరు పెట్టినారు. సరే." ఒక చెంచా. కళ్ళు మూత. తల అడ్డంగా. "ఉప్పు సరిపోల్యా. పిలువు కళావతిని."

కళావతి చెమటతో తడిసిన తలగుడ్డ సర్దుకుంటూ వచ్చి కూర్చునేది. "అన్నా, పోయిన వారం ఎక్కువంటివి, ఈ వారం తక్కువంటివి. నీది నాలుకేనా?" అని నవ్వేది. ఆవులూ ఎనుములూ అయ్యేదాకా లేవనిచ్చేవాడు కాదు.

మేనేజరు మాత్రం నవ్వలేదు. ఒక శుక్రవారం రామసుబ్బయ్య లేచి వెళ్ళగానే ఆంజిని పిలిచి, "వంట మీద ఇంకొక్క ఫిర్యాదు వస్తే కళావతి ఖలాస్. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కూడా పొడిగించను" అన్నాడు. కళావతి కూతురు ఊళ్ళో నర్సింగు చదువుతోంది. ఆ చదువు నడిచేది ఈ గంబో మీదే.

ఆంజి ఎండలో పరిగెత్తి, కారు దగ్గర రామసుబ్బయ్యను పట్టుకున్నాడు. వాడికి మెత్తగా చెప్పడం చేతకాదు.

"నీ ఉప్పు పిచ్చి వల్ల అక్క పని పోతాది. నోరు మూసుకొని తినలేవా చిన్నాయనా? నీకేం అన్యాయం చేసింది ఆమె?"

సంగతంతా విని రామసుబ్బయ్య అప్పటికే తళతళలాడుతున్న కారు అద్దాన్ని గుడ్డతో తుడవసాగాడు.

"ఉప్పు సరిపోయిందిరా. రోజూ సరిపోతానే ఉండాది."

"మరి?"

"మీ చిన్నమ్మ తిరుపాలమ్మ నేను కారు తోలే ఇంట్లోనే వంటమనిషి. వంటగది పెరట్లో, రేకుల కింద. ఏసీ ల్యా. మామాకు, అదే ఆ ఇంటామెకు, కూర నచ్చకపోతేనే హాల్లోకి పిలిచి తిట్టేది. హాల్లో ఏసీ. అందుకని మీ చిన్నమ్మ కావాలనే ఉప్పు తప్పేసేది. తల వంచుకొని తిట్లు తింటా, చల్లగా నిలబడొచ్చేది. నాకు చెప్పి ఒకటే నవ్వు."

గుడ్డ ఒకచోటే తిరుగుతోంది.

"ఒక రంజాన్‌లో ఒకనాడు చుట్టాలొచ్చినారు. మామా పరువు పోగూడదని మీ చిన్నమ్మ ఉప్పు సరిగ్గా వేసింది. అందరూ బాగుందని తిన్నారు. ఎవురూ పిలవల్యా. పొయ్యి కాడనే పడిపోయింది. మళ్ళ లేయల్యా. నేను బయట కార్లో ఏసీ వేసుకొని కూసోనుంటి."

రామసుబ్బయ్య కారెక్కుతూ, "వచ్చే వారం చూద్దాంలే" అన్నాడు.

మరుసటి శుక్రవారం మేనేజరు చేతులు కట్టుకొని కౌంటరు దగ్గర నిలబడ్డాడు. రామసుబ్బయ్య వచ్చి బొమ్మకు ఎదురుగా కూర్చున్నాడు. పడవలోవాణ్ణి ఒక్క మాట అనలేదు. గంబో వచ్చింది. ఒక చెంచా. కళ్ళు మూత. అలవాటుగా తల అడ్డంగా బయల్దేరింది. సగం దారిలో ఆ తల మొరాయించి, వెనక్కి మళ్ళి, కిందికీ పైకీ ఊగింది. మెడ నరం పట్టేసిందేమో, మొహం అష్టవంకరలు పోయింది.

"బా..." అన్నాడు. "బాగుంది!"

హాలంతా తిరిగి చూసింది.

"ఉప్పు అమోఘం! ఇట్లాంటి ఉప్పు నా జన్మలో తినల్యా! పిలువు వండినోళ్ళను!"

మెచ్చుకోవడానికి పిలిస్తే ఏ మేనేజరు అడ్డం చెబుతాడు? పైగా ఫోను తీసి వీడియో కూడా తీసుకున్నాడు. కళావతి వచ్చి, సరిగ్గా ఏసీ కింద కూర్చుంది. ఉపన్యాసం పాతదే. సముద్రం, ఊరగాయ, ఆవులు. తిట్టు ఉన్నచోటల్లా 'భలే' పడింది, అంతే. తిట్టడం కంటే మెచ్చుకోవడానికే ఎక్కువసేపు పట్టింది. ఎనుముల దగ్గరకొచ్చేసరికి మేనేజరు విసిగి లోపలికి పోయాడు.

కళావతి మొహం తుడుచుకొని, ముందుకు వంగి గుసగుసగా అంది. "అన్నా, తప్పయిపోయింది. పని పోతాదేమోనన్న భయంలో ఈ పొద్దు నీ గిన్నెలో ఉప్పు వేయడమే మరిచినా."

రామసుబ్బయ్య గిన్నె అడుగు చెంచాతో గీకి, ఆ చివరి చుక్క కూడా నాకాడు.

"ఎవురు చెప్పినారు పాపా? కూసో. మెచ్చుకునేది ఇంకా శానా ఉండాది."