అడ్రసు కోసం ఆగిన కంప్యూటర్లు

కరెంటు పోయి వచ్చినప్పుడు మా ఆఫీసులో సర్వరు ఫ్యాన్లు ఒక్కసారిగా హోరుమంటాయి. ఆ చప్పుడు వింటే భవానీపురంలోని చిన్న కాలేజీ ల్యాబూ, అక్కడ నన్ను అసిస్టెంటుగా చేర్చుకున్న గ్రేస్ మేడమూ గుర్తొస్తారు. రెండువేల తొలి ఏళ్ళ సంగతి. హార్డ్‌డిస్కులు పాడైన పాత కంప్యూటర్లను ఆటోనగర్‌లో తుక్కుకింద అమ్మేస్తానని కరస్పాండెంటు గారు అంటే, ఉచితంగా దొరికే లినక్స్ సాఫ్ట్‌వేర్‌తో నడిపి చూపిస్తానని ఆవిడ పట్టుబట్టారు. కొత్తవి కొనే ఉద్దేశం ఆయనకు లేదు. ఇవి పోతే ల్యాబే పోతుంది.

హార్డ్‌డిస్కు లేదు కాబట్టి ఫ్లాపీతో మేలుకున్న ప్రతి కంప్యూటరూ ముందు తన నెట్‌వర్క్ కార్డును లేపి, నెట్‌వర్క్‌లో తనకొక అడ్రసు ఇమ్మని ల్యాబులో అన్నిటికీ పెద్ద కంప్యూటరైన సర్వరును అడగాలి. అది దొరికితేనే మిగతా లినక్స్ అంతా సర్వరు నుంచి తెచ్చుకోగలదు. ఆ అడిగే స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, నేను రాశాను. జవాబు రాకపోతే తప్పు చూపించి ఆగిపోతుంది. మొహమాటం లేని పద్ధతని కాస్త గర్వం కూడా ఉండేది నాకు. మేడమ్ చదివి నవ్వారు.

"ఏంటయ్యా ఇది, ఒక్కసారి తలుపు కొట్టి వెళ్ళిపోయే పోస్ట్‌మాన్‌లాగా? కరెంటొస్తే సర్వరు కూడా అప్పుడేగా లేచేది. దాన్ని ముఖం కడుక్కోనివ్వు."

"ఎన్నిసార్లు అడగమంటారండీ?"

"పలికేదాకా. అలాగని ఊపిరాడనివ్వకుండా కాదు. అడుగు, ఆగు, మళ్ళీ అడుగు."

పెద్దగా నమ్మకం లేకుండానే అలా మార్చాను.

కరస్పాండెంటు గారు చూడటానికి వచ్చిన రోజునే కరెంటు పోయింది. తిరిగి వచ్చాక చూస్తే, అడ్రసు కోసం అడుగుతున్నట్టు అన్ని తెరల మీదా అదే వరుస పదే పదే పడుతోంది.

"ఇంకెందుకమ్మా, లారీ పిలిపిస్తా," అన్నారాయన.

"కూర్చోండి సార్, టీ చల్లారిపోతోంది," అన్నారు మేడమ్.

ఆయన గ్లాసు ఖాళీ అయ్యేలోగా కిటికీ పక్కది లేచింది. తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత అన్నీ. ఆయన మెచ్చుకోలేదు. లారీ మాత్రం రాలేదు.

చాలా ఏళ్ళకు, మేడమ్‌కు పక్షవాతం వచ్చిందని తెలిసి చల్లపల్లిలో వాళ్ళ చెల్లెలి ఇంటికి వెళ్ళాను. "నన్ను గుర్తుపట్టారా మేడమ్?" అన్నాను. చూపు నా మీదే ఉంది, మాట లేదు. "అక్క పలకదు బాబూ," అంది చెల్లెలు. లేవబోయి, ఆగాను. కాసేపటికి మళ్ళీ అడిగాను. ఇంకాసేపటికి మళ్ళీ. గుమ్మంలో ఎండ వాలాక ఆవిడ పెదవులు కదిలాయి.

"పోస్ట్‌మాన్," అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. జవాబు రాని చోటి నుంచి నేనిప్పుడు తొందరగా లేవను.