చదివినట్టు పెట్టిన సంతకం

పోయిన వారం మా మనవరాలు ల్యాప్‌టాప్ నా ముందుకు జరిపి, తాను రాస్తున్న ప్రోగ్రామును చూపించింది. ఒక పేరా వివరణ, దాని కింద కోడు, మళ్ళీ వివరణ, మళ్ళీ కోడు. మీట నొక్కితే రెప్పపాటులో అంతా సిద్ధం. ఆ వివరణ కూడా మెషినే రాసిందట. "అదంతా ఎవురూ చదవరు అవ్వా, సుమ్మా, ఊరికే అట్ట ఉంటాది" అని నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఆ వివరణను మొదటి వరస నుంచీ చదవడం మొదలుపెట్టాను.

నా మొదటి ఉద్యోగం మా మేనమామ దగ్గరే. పురసవాక్కం పేటలో ఒక బట్టల కొట్టు పైన రెండు గదులు, రెండు కంప్యూటర్లు, చెవులు గింగురుమనిపించే ఒక డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు. మీలో ఆ రోజుల్లో పనిచేసినవాళ్ళకు ఆ చప్పుడు ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది. ఇనుప రేకును ఏ వరసలో కోస్తే వృథా తగ్గుతుందో పక్కపేట చూలైలోని వర్క్‌షాపుల వాళ్ళకు చెప్పే ప్రోగ్రాము మాది. మామకు నత్తి, నోరు విప్పితే మాట ముడిపడేది, అదే రాయడానికి కూర్చుంటే ఆగేవాడు కాదు. అందుకేనేమో, ప్రోగ్రామంటే ముందు మనిషి చదువుకునే పుస్తకం, ఆ తర్వాతే యంత్రానికి ఇచ్చే ఆజ్ఞ అని నమ్మేవాడు. వివరణనూ కోడునూ ఒకే ఫైల్లో కలిపి రాసేవాడు. వివరణ మా ఇంట్లో మాట్లాడే తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో. తాను తయారుచేసుకున్న చిన్న సాధనం ఆ ఫైల్లోంచి కోడును విడదీసి కంప్యూటరుకు ఇచ్చేది, మొత్తాన్ని పుస్తకంగా అచ్చువేసి మాకిచ్చేది. రోజూ పొద్దున నేను ఆ పుస్తకం చదివి, చదివినట్టు అట్ట మీద సంతకం పెట్టాలి.

చిక్కేమిటంటే ఆ సాధనం మహా నిదానం. ఒక్క అంకె మార్చినా పుస్తకం మొదట్నుంచీ తయారై అచ్చయ్యేసరికి ముప్పావు గంట. చూలై వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు. మామ మాత్రం, ఆలస్యమైతే కానీలే, చదివితే అర్థం కావాల అనేవాడు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, కాళ్ళు నేల మీద ఆనేవి కావు. ఆ సాధనంలో ఒక కిటుకు చేర్చాను: కోడు మారిన భాగాన్నే కొత్తగా అచ్చువేస్తుంది, కోడు మారని భాగానికి పాత పేజీలనే ఉంచేస్తుంది. ముప్పావు గంట పని మూడు నిమిషాలకు దిగింది. పుస్తకం మొత్తంలో వివరణ లేని భాగం అదొక్కటే, చిక్కగా అల్లిన పదిహేను వరసలు. ఎట్లా చేశావని మామ సంబరంగా అడిగితే, తర్వాత రాసి పెడతానన్నాను. రాయలేదు. పాత పేజీల మధ్య కొత్తవి ఇరికించి, వాటిని మాత్రం చదివి, రోజూ సంతకం పెట్టేశాను.

మూడు వారాలు తిరక్కుండా, ఒక మధ్యాహ్నం మామ ఆఫీసు మెట్ల మీదే కూలిపోయాడు. గుండె అన్నారు. ముందుగా ఏమీ చెప్పలేదా అని డాక్టరు అడిగితే, లేదనే అన్నాను.

కర్మలు ముగిసిన మర్నాడు ఆఫీసు తలుపు తీశాను. ఒక వర్క్‌షాపు వాళ్ళు కోత మందం మార్చమన్నారు, ఒక్క అంకె మార్చాను. ప్రింటరు ఒక పేజీ కక్కింది. దాదాపు కంఠతా వచ్చిన పేజీ అది, కానీ అడుగున ఎన్నడూ చూడని వరసలున్నాయి. "పాపా, ఎడం చెయ్యి తిమ్మిరెక్కతా ఉండాది. రెండు దినాలాయె. నోటితో చెప్పేదానికి రాలేదు."

బయట మిట్టమధ్యాహ్నపు ఎండ, కింద కొట్లో చీరల బేరాలు. గదిలో నేనొక్కదాన్నే. మామ కుర్చీ వైపు చూడాలంటే మెడ తిరగలేదు. అయినా వేళ్ళు ఆగలేదు, ఇంకో భాగంలో ఊరికే ఒక అంకె మార్చాను. "అత్తకు చెప్పొద్దు, భయపడతాది. డాక్టరు కాడికి నువ్వు తోడొస్తావా?" అని వచ్చింది. వస్తాను మామా అని పైకే అనేశాను. నా గొంతు విని నాకే భయమేసింది.

కాసేపటికి గానీ బుద్ధి పనిచెయ్యలేదు. ఎప్పుడో పూర్తయిన భాగాలవి. మామ కోడు జోలికి పోకుండా మాటలే చేర్చాడు. నా కిటుకు లెక్కలో అక్కడ ఏదీ మారనట్టే, అందుకే నేను అంకె మార్చేదాకా ఆ మాటలు అచ్చుకు రాలేదు. ఆ పదిహేను వరసలూ తీసేసి, పుస్తకం మొత్తం అచ్చుకు వేశాను. ముప్పావు గంటసేపు ఆ ప్రింటరు పక్కనే నిలబడి, వచ్చిన కాగితం వచ్చినట్టు చదివాను. చివరి భాగంలో ఇలా ఉంది: "నీ సంతకం చూసినాను. చదివినావు గదా, ఏమీ అనలేదే అనుకుంటి. పర్వాలే పాపా, నీకు పని ఎక్కువుండాది."

అత్తకు ఆ కాగితాలు చూపించే ధైర్యం నాకు రాలేదు, ఆ సంగతి తెలియకుండానే ఆవిడ పోయింది. ఇప్పుడు ఒక మనిషి విడమర్చి రాయడానికీ, ఇంకో మనిషి కూర్చుని చదవడానికీ పట్టే కాలాన్ని వృథా కింద జమకట్టి తీసేశారు. ఈ కాలం పిల్లల్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు, అందరికంటే ముందు ఆ పని చేసినదాన్ని నేను. ఆ మూడు వారాలూ రోజూ పొద్దున నాకు మిగిలిన ముప్పావు గంటలో నేనేం చేశానో, ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు.