ముప్పైవేలో అడుగు

దయ్యాల గురించి నాకంటే బాగా తెలిసినవాడు మా ఊళ్ళో లేడు. ఎందుకంటే ఏడో తరగతిలో మా బడికి దయ్యాన్ని నేనే. తెల్ల పంచె కప్పుకుని మరుగుదొడ్ల వెనక నిలబడి లెక్కల సారును జడిపించాను. సారుకు మూడు రోజులు జ్వరం, నాకు జన్మంతా సెలవు. చదువు అక్కడితో సరి.

అప్పట్నుంచి ఎవరైనా దయ్యాన్ని చూశామంటే, ముందు ఆ పంచె ఎవరిదో కనుక్కోండి అనేవాణ్ణి. ఇప్పటికీ అదే అంటాను. కింద రాసింది దయ్యం సంగతి అని నేననడం లేదు. ఏమనాలో తెలియక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రెండువేల ఐదు, ఆరు ప్రాంతంలో నేను సౌదీలో, తాయిఫ్‌లో డ్రైవర్ని. సముద్రపు నీటిలో ఉప్పు తీసేసి కొండ మీదికి ఎక్కించే పంపుల పని ఒకటి నడుస్తుండేది. ఆ పనికొచ్చిన మోరి సార్ అనే జపాన్ ఇంజనీరును తిప్పడం నా ఉద్యోగం. ఆయన ఇంగ్లీషు నాకు సగం అర్థమయ్యేది, నా ఇంగ్లీషు ఆయనకు పావు. మిగతాది చేతులతో లాగించేవాళ్ళం.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూయగానే ఆయన లాప్‌టాప్ తెరిచేవాడు. ఇంటర్నెట్‌లో ఆయనకు సొంత పేజీ ఒకటి ఉంది. రోజుకొక ఫోటో పెట్టేవాడు. ఘాట్ రోడ్డు మీద కోతులు, దానిమ్మ తోట, రొట్టెల కొట్టు, పాత చెప్పులు. మనిషి మొహం మాత్రం ఒక్కటీ ఉండదు. మా బండి ఫోటో పెడితే నంబరు ప్లేటు మీద కూడా మసి పూసేవాడు. పేజీలో ఆయన పేరు లేదు, ఊరు లేదు, కంపెనీ లేదు.

చూసి రాసేవాళ్ళూ అంతే. ఒకరి పేరు వానబూట్లు, ఒకరి పేరు ఎండు పండు, సగం మందికి అదీ లేదు, ఉత్త అనామకులు. మా ఊళ్ళో స్టీలు గిన్నె కొన్నా పేరు చెక్కిస్తారు. వీళ్ళేమో దేశమంతా కూర్చుని పేరు లేకుండా మాట్లాడుకుంటున్నారు.

అభిప్రాయాలకు మాత్రం కొదవ లేదు. బియ్యం ఎన్నిసార్లు కడగాలి, బస్సు దిగేటప్పుడు డ్రైవరుకు థాంక్స్ చెప్పాలా వద్దా, ఇలాంటి వాటి మీద వందల మంది పేర్లు లేకుండా పోట్లాడుకునే చోటు ఇంకొకటి ఉండేది. సార్ అవి చదివి నాకు చెప్పి నవ్వేవాడు. పేరు లేకపోతే మనిషి నిజం చెప్తాడని ఆయన వాదన. పేరు లేకపోతే మావాళ్ళు బూతులు రాస్తారు సార్ అన్నాను. అవీ రాస్తారు అని ఒప్పుకున్నాడు.

ఆయన పేజీ అడుగున ఒక మీటరు ఉండేది, ఎంతమంది వచ్చారో లెక్కపెట్టేది. దానికొక మర్యాద ఉంది. పదివేలు, ఇరవైవేలు, ఇలా గుండ్రటి అంకె ఎవరు వచ్చినప్పుడు పడుతుందో వాళ్ళు దాన్ని తొక్కినట్టు. తొక్కినవాళ్ళు, వచ్చిపోయేవాళ్ళు రాయడానికి ఆ పేజీలోనే పెట్టిన పుస్తకంలో 'నేనే' అని రాసి తీరాలి. అప్పుడు పేజీ యజమాని వాళ్ళడిగిన ఫోటో కానుకగా పెడతాడు. తొక్కి చెప్పకుండా పోవడం చాలా అమర్యాద. ఈ రూలు ఉండాలా వద్దా అని కూడా అక్కడ పెద్ద పంచాయతీ నడిచిందట.

ఇదంతా రూముకొచ్చి ఖాజాకు చెప్పేవాణ్ణి. ఖాజాది మా ఊరే, క్యాంపులో వంటవాడు. మా ఇద్దరికీ ఒకర్నొకరు ఏడిపించుకోకపోతే అన్నం దిగేది కాదు.

"బావా, గా నంబరు నేనే తొక్కుత సూడు. నా బిర్యానీ ఫోటో పెట్టుమంట" అన్నాడొకసారి.

"నీ బిర్యానీ పెడితే జపాన్ల ఇంటర్నెట్ బందైతదిరా" అన్నాను.

"నీ మొకం పెడితే కరెంటే బందైతది."

ఒక మంగళవారం మధ్యాహ్నం ఖాజా పొయ్యి పక్కన కూలబడ్డాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను. నాటకమనుకున్నాను, ఎందుకంటే అంతకు ముందు వారమే అలా పడి నన్ను బెదిరించాడు. "లే రా, ఉల్లిగడ్డలు ఎవడు కోస్తడు" అని నవ్వుతూ నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. ఒక నిమిషం అయ్యుండొచ్చు. అందరూ అప్పటికే పోయాడన్నారు, గుండె అన్నారు. ఆ నిమిషం గురించి నేనెవరికీ చెప్పలేదు.

ఏడుపు రాలేదు. అప్పుడే కాదు, తర్వాత కూడా. పళ్ళు పీకేటప్పుడు డాక్టరు సూది వేస్తే దవడ ఎలా మొద్దుబారుతుందో, నేను మొత్తంగా అలా అయ్యాను. బండి నడిపాను, తిన్నాను, జోకులు కూడా వేశాను.

కాగితాలు తేలడానికి మూడు వారాలు పైనే పట్టింది. శవం ఊరికి పంపాలంటే ఇంకా ఎన్నాళ్ళో అన్నారు. ఖాజా భార్య రిజ్వానా వదిన అక్కడే మట్టి చేయమని సంతకం పెట్టి పంపింది.

మట్టి చేసే రోజు పొద్దున కంపెనీ కాగితాలు చూసే మనిషి ఫోన్ చేశాడు, సాయంత్రప్పూట అసర్ నమాజు కాగానే అని. అదే రోజు మోరి సార్ పని ముగించుకుని శాశ్వతంగా ఇంటికి పోతున్నాడు. జెద్దా విమానాశ్రయానికి నేనే దింపాలి. సార్‌తో ఒక్క మాట అంటే ఇంకో బండిలో పోయేవాడు. విమానం మానుకోమన్నా మానుకునే మనిషి. నేను అనలేదు. నిజం చెప్పాలంటే, డ్యూటీ ఉన్నందుకు లోపల హాయిగా అనిపించింది.

మక్కా పక్క నుంచి ముస్లిమేతరులు పోయే చుట్టుదారిలో దారిపొడుగునా జోకులు వేస్తూ పోయాను. విమానాశ్రయంలో పార్కింగ్ చీటీ మీద నాలుగు గంటల రెండు నిమిషాలు. ఆ చీటీ నా దగ్గర ఇంకా ఉంది. సార్ దిగేటప్పుడు, పేజీ అలాగే ఉంటుందని, సౌదీ ఫోటోలు మాత్రం ఇక అయిపోయాయని చెప్పాడు.

శుక్రవారం శుక్రవారం నేను వదినకు ఫోన్ చేసేవాణ్ణి. ప్రతిసారీ ఒకటే అడిగేది.

"నర్సన్నా, ఒక్క ఫోటో పంపవా. ఆయన ఏడ పన్నడో కండ్లతోని సూస్త. గంతే."

మట్టికి పోయింది క్యాంపు నుంచి నలుగురు. వాళ్ళను అడిగాను. అక్కడ సమాధుల మీద పేర్లుండవు. మట్టి చేసి తలవైపు ఒక మామూలు రాయి పెడతారు, అంతే. నెల తిరిగేసరికి పక్కన ఎన్నో కొత్తవి. ఆ నలుగురిలో షఫీక్ అని బంగ్లాదేశ్ తాపీ మేస్త్రీ. అతన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. నేను గేటు దగ్గరే ఆగాను. అతను లోపల గంటసేపు తిరిగి, చేతులు ఊపుకుంటూ వచ్చాడు.

"నర్సయ్యా భాయ్, ఏదో ఒక రాయి ఫోటో తీసి పంపెయ్. ఆమెకేం తెలుస్తుంది" అని హిందీలో అన్నాడు.

మంచి సలహానే. ఆ పని చేయడానికి రెండుసార్లు వెళ్ళి, గేటు దగ్గర్నుంచే తిరిగొచ్చాను. అన్ని రకాల అబద్ధాలు ఆడగలిగినవాణ్ణి, ఇది ఆడలేకపోయాను. వదినకు మాత్రం "పంపుత వదినా" అంటూనే ఉన్నాను.

ఆ రోజుల్లోనే మధ్యాహ్నాలు ఆఫీసు కంప్యూటర్లో మోరి సార్ పేజీ తెరవడం అలవాటైంది. ఆ అలవాటు ఎందుకో చెప్పలేను. అంకెలు తప్ప ఆ జపాన్ రాతలో ఒక్క అక్షరం రాదు. పాత ఫోటోలే ఉండేవి. మీటరు మాత్రం రోజుకు నాలుగైదు కదిలేది.

ఒక రోజు తెరిచేసరికి ముప్పైవేలు ఉంది. ఒకటి తక్కువా కాదు, ఒకటి ఎక్కువా కాదు. తొక్కింది నేనే.

మూసేసి వచ్చేశాను. ఇక ఆ మధ్యాహ్నమంతా కాళ్ళకు పేడ అంటుకున్నట్టు ఒకటే ఇబ్బంది. పైన చెప్పాను కదా, తొక్కి పారిపోవడం వాళ్ళ దగ్గర పెద్ద తప్పు. నేను అప్పటికే ఒకచోటి నుంచి పారిపోయి ఉన్నాను. మర్నాడు వెళ్ళి ఆ పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాల్లో నాకొచ్చినంత కొట్టాను: నర్సయ్య డ్రైవర్, ముప్పైవేలు నేనే, ఖాజా ప్లేస్ ఫోటో ప్లీజ్.

వస్తుందని కాదు. తొక్కినవాడు అడగాలన్నది రూలు కాబట్టి అడిగాను.

పది రోజుల తర్వాత పేజీలో కొత్త ఫోటో ఉంది.

ఎర్రమట్టి, వరసగా రాళ్ళు. మధ్యలో పచ్చిమట్టి కుప్ప ఒకటి, దాని తలవైపు బూడిదరంగు రాయి, రాయి మీద తెల్లటి మరక. వెనక ప్రహరీ గోడ, గోడకు పైనుంచి కిందికి పగులు, పగులు పక్కన నీలం నీళ్ళ ట్యాంకు. మూలన తారీఖు, టైము పడ్డాయి. మట్టి చేసిన రోజు. సాయంత్రం నాలుగూ పది.

మోరి సార్ కెమెరా తారీఖు వేసే కెమెరానే. కానీ ఆ టైముకు ఆ కెమెరా ఆయన మెడలో ఉంది, ఆయన నా పక్కన జెద్దాలో ఉన్నాడు. కెమెరాలో తారీఖు ఎలాగైనా మార్చుకోవచ్చని నాకూ తెలుసు. అందుకే మట్టికి పోయిన నలుగురినీ విడివిడిగా అడిగాను. కెమెరా ఎవరూ తీసుకుపోలేదు. కెమెరా ఉన్న ఫోను ఆ నలుగురిలో ఎవరికీ లేదు.

మా ఆఫీసులో విజయవాడ నుంచి వచ్చిన శ్రీధర్ గారని ఇంజనీరు. ఆయనతో ఫోటో ప్రింటు తీయించి, మోరి సార్‌కు మెయిల్ రాయించాను. రెండు రోజుల్లో జవాబొచ్చింది. శ్రీధర్ గారు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు.

"ఆయన అప్‌లోడ్ చెయ్యలేదంట నర్సయ్యా. నీ మెసేజ్ చూసి చాలా ఫీలయ్యాడంట గానీ, ఇవ్వడానికి అలాంటి ఫోటో లేదంట. పాస్‌వర్డ్ ఇంకెవరికీ తెలీదంట."

"మరెవరు పెట్టిండ్రంట సార్?"

"అది వాళ్ళు అడగరంట. పేరు చెప్పనివాళ్ళని ఎవరు నువ్వు అని అడక్కూడదంట. తీసేయను కూడా తీసేయడంట. అందుకున్నవాడు మాత్రం థ్యాంక్స్ రాయాలి, నిన్ను రాయమంటున్నాడు."

రాశాను. ఎవరికో తెలియకుండానే రాశాను.

ప్రింటు పట్టుకుని షఫీక్‌తో మళ్ళీ వెళ్ళాను. గేటు దగ్గర నిలబడ్డాను. ఈసారి అతను తిన్నగా పగులు గోడ వైపు నడిచాడు, ట్యాంకు దగ్గర వంగాడు. కాసేపటికి వచ్చాడు.

"రాయి నాదే భాయ్. ఆ రోజు సున్నం పని మీంచి తిన్నగా వచ్చాను, చేతులు కడుక్కోలేదు. రాయెత్తి పెట్టింది నేనే. అది నా చేతి సున్నం." హిందీలోనే అన్నాడు, గొంతు తగ్గించి. "ఈ సంగతి నాకే గుర్తు లేదు. ఫోటో తీసినవాడికెలా తెలుసు?"

నాకేమీ అనిపించలేదు. భయం లేదు, సంతోషం లేదు. దారిలో ఇద్దరం టీ తాగాం. ప్రింటును కవర్లో పెట్టి, ఊరికి పోతున్న మనిషి చేతికిచ్చి వదినకు పంపాను.

మూడో శుక్రవారం ఫోన్ చేశాను.

"అందింది నర్సన్నా" అంది వదిన. "రాయి సూసిన. గోడ సూసిన. నీ నీడ గూడ సూసిన."

"నా నీడనా?"

"కింద అంచుకు పడ్డది గదా. ఒక చెయ్యి నడుముకు వెట్టి, మెడ వంకరవెట్టి. మీరిద్దరు మా ఇంటి ముంగట నిలవడి నవ్వుకుంట కొట్లాడుతుంటె దినాం సూసినదాన్ని, నేను గుర్తువట్టనా? ఒక్కడే పోయిండని ఇన్నొద్దులు కుమిలిన. నువ్వు పక్కకే ఉన్నవ్ గదా అన్నా. గిప్పుడు నాకు రంది లేదు."

ఇంకో ప్రింటు నా దగ్గరుంది. తీసి చూశాను. అడుగున, మట్టి కుప్ప అంచు దాకా, మనిషి నీడ. ఒక చెయ్యి నడుము మీద. రాయి కోసం, గోడ కోసం, ట్యాంకు కోసం ఆ కాగితాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. నీడ నా కంట పడలేదు. తర్వాత శ్రీధర్ గారితో పేజీ తెరిపించి చూశాను, అక్కడా ఉంది. ముందు నుంచీ ఉందా అంటే ఆయన కూడా చెప్పలేకపోయారు.

ఆ ఫోటో ఎవరు తీశారో, ఎవరు పెట్టారో నాకు తెలియదు. తెలిసినవాళ్ళు ఎన్ని రకాలుగా చెప్పినా, ఏదో ఒక ముడి మిగిలిపోతూనే ఉంది. నేను మాత్రం ఆ టైముకు జెద్దాలో ఉన్నాను.

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ శుక్రవారం ఫోన్లో వదిన ఇంకా ఎదురుచూస్తోంది. "నువ్వే గదా అన్నా?" అని మళ్ళీ అడిగింది.

"అవు వదినా, నేనే" అన్నాను.

అది అబద్ధమో కాదో ఇప్పటికీ నాకు తెలియదు.